సందేహాలు – సమాధానాలు: పాత ప్రింటర్ మూలిగితే

అటకల మీది పాత కంప్యూటర్లు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డాట్ మాట్రిక్స్ ప్రింటర్ల గురించే. ఒకే భయం రాసినవాళ్లందరి తరఫునా ఒక్కరికే జవాబిస్తున్నాను. మిగతావాళ్లు అది తమకూ చెప్పినట్టే అనుకోండి.

ప్రశ్న: మా మామగారి బీబీసీ మైక్రో కంప్యూటర్, దానితో వాడిన ఎప్సన్ ఎల్ఎక్స్-800 ప్రింటర్ చాలా ఏళ్లుగా అటక మీదే ఉన్నాయి. నిన్న ప్రింటర్ స్విచ్ వేయగానే హెడ్ ధడాలున ఎడమవైపుకు వెళ్లి ఆగింది. తర్వాత ఒక్క లైను కొట్టిస్తే పిల్లాడు నిద్రలోంచి లేచి ఏడ్చాడు. ఏదో విరిగిందని భయమేసి ఆపేశాను. – ఒక గృహిణి, తెనాలి

సమాధానం: ఏమీ విరగలేదమ్మా, ధైర్యంగా ఉండండి. స్విచ్ వేయగానే హెడ్ ఎడమ అంచుకు వెళ్లడం ఆ ప్రింటర్ ప్రతిసారీ చేసే మొదటి పని. తానెక్కడున్నదీ తెలుసుకోవడానికి అక్కడి సెన్సర్ దాకా వెళ్లి వస్తుంది. ఇక ఆ కీచుమనే గోల అంటారా, హెడ్‌లో నిలువు వరసలో ఉన్న 9 సన్నటి సూదులు రిబ్బన్ మీదుగా కాగితాన్ని సెకనుకు వందలసార్లు పొడుస్తుంటాయి, ఆ పని నిశ్శబ్దంగా జరిగేది కాదు. భయపడాల్సిన చప్పుడు వేరే ఉంది: హెడ్ అంచుకు వెళ్లాక కూడా ఆగకుండా టకటకా కొట్టుకుంటున్నా, పళ్లు జారుతున్నట్టు గరగరమన్నా వెంటనే ఆపేయండి. అప్పుడు సెన్సర్‌కు దుమ్ము పట్టిందో, బెల్టు జారిందో చూపించాలి.

ప్రశ్న: మా ప్రింటర్ హెడ్ సగం దాకా వెళ్లి ఆగిపోయేది. ఎవరో చెబితే అది జారే ఇనుప కడ్డీకి కొబ్బరినూనె రాశాం. వేసవంతా బాగా నడిచింది. ఇప్పుడు చలికాలం వచ్చేసరికి మళ్లీ మొరాయిస్తోంది. మోటారు పోయినట్టేనా? – ఆదిలాబాద్

సమాధానం: మోటారు మీద అనుమానం ఇప్పుడే వద్దు, మీ నూనె పేరుకుని ఉంటుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల కిందికి దిగితే గడ్డకడుతుంది, మీ వైపు డిసెంబరు తెల్లవారుజాములు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, కడ్డీని మెత్తటి గుడ్డతో, కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసి, హెడ్‌ను చేత్తో నెమ్మదిగా అటూ ఇటూ జరపండి. చేతికి హాయిగా జరిగితే గండం గడిచినట్టే. ప్లగ్ పీకి ఉన్నా ఒకచోట గట్టిగా పట్టేస్తుంటేనే మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారిని. మా బడికి 1980ల్లో క్లాస్ అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద వచ్చిన బీబీసీ మైక్రోను పాత సామాన్ల వేలంలో నేనే కొనుక్కున్నాను. ప్రింటర్ తగిలిస్తే ఒక్క అక్షరం కూడా పడటం లేదు. దీపాలు మాత్రం వెలుగుతున్నాయి. విప్పి చూడాలంటే చేతులు వణుకుతున్నాయి. – నెల్లూరు

సమాధానం: మాస్టారూ, ఇప్పుడప్పుడే విప్పకండి, ఆ అవసరం రాకపోవచ్చు. 1984లో మొదలైన ఆ ప్రాజెక్టు బీబీసీలు గట్టి పిండాలు. తప్పు ప్రింటర్‌దా, కేబుల్‌దా, కంప్యూటర్‌దా అన్నది స్క్రూడ్రైవర్ ముట్టకుండానే తేలుతుంది. రెండింటినీ ఆపి, మధ్యనున్న కేబుల్ తీసేయండి. ప్రింటర్‌లో కాగితం పెట్టి, లైన్ ఫీడ్ బటన్‌ను నొక్కిపట్టుకునే స్విచ్ వేయండి. దీన్ని సెల్ఫ్ టెస్ట్ అంటారు. ఎప్సన్‌లోనూ, దాని దారిలో నడిచిన చాలా ప్రింటర్లలోనూ ఉంటుంది. ఎవరూ ఏమీ పంపకుండానే తనకు వచ్చిన అక్షరాలన్నీ వరసగా కొట్టుకుంటూ పోతుంది.

అలా కొట్టిందంటే మోటార్లు, హెడ్, రిబ్బన్, లోపలి బోర్డులో చాలా భాగం బాగున్నట్టు. అప్పుడు కేబుల్ వైపు చూడండి. బీబీసీలో ప్రింటర్ సాకెట్ అడుగున, కీబోర్డు కింద దాక్కుని ఉంటుంది, దానికి 26 పిన్నులు. పక్కనే డిస్క్ డ్రైవ్ సాకెట్ కూడా ఉంటుంది కాబట్టి పిన్నులు లెక్కపెట్టుకుని మరీ తగిలించండి. ప్రింటర్ మీద ఆన్‌లైన్ దీపం వెలగాలి. కంప్యూటర్‌లో కంట్రోల్ కీ పట్టుకుని బీ నొక్కితేనే తెరమీది మాట కాగితానికి వెళ్తుంది, కంట్రోల్-సీ నొక్కితే ఆగుతుంది. నాకొచ్చే ఉత్తరాల్లో చాలావాటికి మందు ఈ కంట్రోల్-బీ దగ్గరే దొరుకుతుంది. సెల్ఫ్ టెస్టే రాకపోతే మాత్రం జబ్బు ప్రింటర్‌దే, దాన్నొక్కదాన్నే షాపుకు తీసుకెళ్లండి. కంప్యూటర్‌ను మోసుకెళ్లే పని లేదు.

ప్రశ్న: కంట్రోల్-బీ నొక్కాక రెండు లైన్లు టైప్ చేశాను, అంతే, బీబీసీ బిగుసుకుపోయింది. ఏ కీ నొక్కినా పలకదు. కంప్యూటర్ పోయిందా? – ఖమ్మం

సమాధానం: పోలేదు, ఎదురుచూస్తోంది. ప్రింటర్ ‘సరే’ అనేదాకా అక్షరాలను దాచుకునే చోటు దానిలో చాలా చిన్నది; అది నిండగానే ఆగిపోతుంది. ప్రింటర్ ఆన్‌లైన్‌లోకి వచ్చిందంటే తానే కదులుతుంది, లేదంటే ఎస్కేప్ నొక్కండి.

ప్రశ్న: అక్షరాలు పడుతున్నాయి కానీ కాగితం జరగడం లేదు. ఇరవై లైన్లూ ఒకే లైను మీద పడి నల్లటి పట్టీ అయిపోయింది. రోలర్ మోటారు కాలిపోయిందని మా తమ్ముడు అంటున్నాడు. – విజయనగరం

సమాధానం: ముందు మీ తమ్ముడి మాట నిజమో కాదో లైన్ ఫీడ్ బటన్ నొక్కి చూడండి. కాగితం జరిగిందా, మోటారు క్షేమం. ఇది కంప్యూటర్, ప్రింటర్ ఒకదానిమీద ఒకటి పని నెట్టుకోవడం మాత్రమే: లైను అయిపోయాక కాగితం జరపమనే 10 నంబరు సంకేతాన్ని బీబీసీ మామూలుగా ప్రింటర్‌కు పంపదు, ప్రింటరే జరుపుకుంటుందిలే అనుకుంటుంది. మీరు నక్షత్రం గుర్తు తర్వాత ఎఫ్ఎక్స్ 6 కామా 0 అని కొడితే పంపడం మొదలుపెడుతుంది. కంప్యూటర్ ఆపి వేసినప్పుడల్లా మళ్లీ కొట్టాలి. ఆ బాధ వద్దనుకుంటే ప్రింటర్ వెనకో, మూత కిందో ఉండే చిన్న డిప్ స్విచ్‌లలో ఆటో లైన్ ఫీడ్‌ను ఆన్ చేయండి. రెండింట్లో ఒక్కటే చేయండి.

ప్రశ్న: మాకు లైనుకూ లైనుకూ మధ్య ఒక ఖాళీ లైను వస్తోంది. – ఒంగోలు

సమాధానం: మీరు ఆ రెండూ చేశారన్నమాట. ఒకటి వెనక్కి తీసుకోండి. డిప్ స్విచ్ మార్చాక ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేయండి, స్విచ్ వేసిన క్షణంలోనే అది వాటిని చదువుకుంటుంది.

ప్రశ్న: ప్రతి అక్షరం మధ్యలోంచి సన్నటి తెల్ల గీత అడ్డంగా పోతోంది, ఎవరో బ్లేడుతో కోసినట్టు. హెడ్ పోయిందంటే ఇక ప్రింటర్ పోయినట్టేనని షాపులో చెప్పారు. మా నాన్నగారి జ్ఞాపకం ఇది. – వరంగల్

సమాధానం: జ్ఞాపకాన్ని అంత తొందరగా వదులుకోకండి. అడ్డగీత ఎప్పుడూ ఒకే ఎత్తులో వస్తోందంటే తొమ్మిదిలో ఒక్క సూది పనిచేయడం లేదని అర్థం, మిగతా ఎనిమిదీ బాగానే ఉన్నాయి. ఎండిన సిరాతో ఆ సూది ఇరుక్కుని ఉండటం చాలా మామూలు. హెడ్ పూర్తిగా చల్లారాక ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డ మీద ముక్కు భాగాన్ని మాత్రం ఆనించి కాసేపు ఉంచండి. కాయిల్స్ ఉన్న వెనక భాగం తడవకూడదు. బాగా ఆరాక బిగించి సెల్ఫ్ టెస్ట్ చేయండి.

దానికీ లొంగకపోతే కొలవడమే మార్గం. మల్టీమీటర్‌తో తొమ్మిది కాయిల్స్ కొలిస్తే అన్నీ ఇంచుమించు ఒకే ఓమ్స్ చూపించాలి. ఒకటి అసలేమీ చూపించకపోతే ఆ కాయిల్ తెగింది. అన్నీ సమానంగానే ఉంటే, హెడ్ వెంట అటూ ఇటూ వంగుతూ తిరిగే పలచటి రిబ్బన్ కేబుల్‌లో ఒక తీగ విరిగి ఉండొచ్చు. అది హెడ్ కన్నా ఎంతో చవక. ఇక షాపువాళ్లు కొత్త హెడ్ వేస్తామంటే ఒక్క మాట అడగండి: ఆ సూదిని నడిపించే ట్రాన్సిస్టర్‌ను చూశారా అని. అది షార్ట్ అయి ఉంటే కాయిల్‌కు కరెంటు ఆగకుండా పోతుంది, పాత హెడ్‌ను కాల్చింది అదే కావచ్చు, కొత్తదాన్నీ కాలుస్తుంది. హడావిడిగా హెడ్ మార్చి రెండు హెడ్‌లు పోగొట్టుకోవడం కన్నా గీతతోనే నాలుగు రోజులు గడపడం మేలు.

ప్రశ్న: మా ప్రింటర్‌లో ఎడమవైపు అక్షరాలు నల్లగా, కుడివైపుకు వెళ్లేకొద్దీ వెలిసిపోతున్నాయి. – నిజామాబాద్

సమాధానం: ఇది హెడ్ జబ్బు కాదు, ఆ దిగులు వదిలేయండి. హెడ్‌కూ రోలర్‌కూ మధ్య ఎడం రెండు చివర్లా సమానంగా లేదు. కాగితం మందాన్ని బట్టి జరిపే మీట ఒకటి ఉంటుంది. కార్బన్ కాపీల కోసం దూరం జరిపి మరిచిపోయారేమో చూసుకుని, మామూలు ఒంటి కాగితానికి దగ్గరి గుర్తులో పెట్టండి. అప్పటికీ ఒక పక్కే వెలిసిపోతుంటే హెడ్ జారే కడ్డీని సరిచేయించాలి. అది తెలిసినవాళ్ల చేతిపని.

ప్రశ్న: రిబ్బన్ పూర్తిగా ఎండిపోయింది. స్టాంప్ ప్యాడ్ సిరా పోస్తే బాగా నల్లగా వచ్చింది కానీ, ఇప్పుడు ఏదైనా అయిపోతుందేమోనని భయంగా ఉంది. – మచిలీపట్నం

సమాధానం: ఒకటి రెండు పేజీలు కొట్టినంత మాత్రాన ఏమీ కాదు, కానీ ఆ రిబ్బన్ తీసేయండి. డాట్ మాట్రిక్స్ రిబ్బన్ సిరాలో నూనె ఉంటుంది, రంగు వేయడంతోపాటు సూదులు జారేలా చూసే పనీ దానిదే. స్టాంప్ సిరా ఎండి సూదుల దారి పూడ్చేస్తుంది. మీదీ ఎల్ఎక్స్-800 అయితే, ఎల్ఎక్స్-300కి సరిపడే రిబ్బన్ దానికీ సరిపోతుంది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో, హోల్‌సేల్ దుకాణాల్లో ఈ ప్రింటర్లు ఇంకా బిల్లులు కొడుతూనే ఉన్నాయి కనుక సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట వాకబు చేయండి. రిబ్బన్ మెల్లగా వెలిసిపోతే కంగారు లేదు. గుడ్డ అంచున పోగులు లేస్తే మాత్రం ఆ రోజే మార్చండి, ఆ పోగు సూదిని పట్టి వంచేస్తుంది.

ప్రశ్న: పది పేజీలు కొట్టాక హెడ్ ముట్టుకుంటే వేలు చుర్రుమని బొబ్బెక్కింది. తగలబడుతుందా? – కర్నూలు

సమాధానం: ముందు వేలిని చల్లటి నీళ్ల ధార కింద పెట్టండి. హెడ్ అలా కాలడం సహజమే, వీపున పళ్లెపు ముక్కల్లా కనిపించే రెక్కలు ఆ వేడిని గాల్లోకి వదలడానికే ఉన్నాయి. కొన్ని ప్రింటర్లు వేడెక్కాక తమంతట తామే ఆగి, చల్లారాక సాగుతాయి, అది కూడా జబ్బు కాదు. ఏమీ కొట్టించకుండా ఊరికే ఆన్ చేసి ఉంచినా హెడ్ కాలుతుంటే మాత్రం వెంటనే ఆపండి. వరంగల్ పాఠకుడికి చెప్పిన ట్రాన్సిస్టరే అప్పుడు నిందితుడు.

ప్రశ్న: ప్రింటర్ తగిలించి బీబీసీ ఆన్ చేసిన పావుగంటకు టప్పుమని శబ్దం, వెనకనుంచి దట్టమైన పొగ, భరించలేని కంపు. ప్లగ్ పీకేశాను. ప్రింటర్ వల్లేనా? రాత్రంతా నిద్ర లేదు. – రాజమహేంద్రవరం

సమాధానం: ప్లగ్ పీకి సరైన పని చేశారు. ప్రింటర్ తప్పు కాదు, మీ తప్పూ కాదు. ఆ వయసు బీబీసీల్లో ఇది ఎంత మామూలంటే, మీ ఉత్తరం మొదటి వాక్యంతోనే విషయం తెలిసిపోయింది. పవర్ సప్లై పెట్టెలో కరెంటు లోపలికి వచ్చే చోట, రేడియోలకు గరగర రాకుండా పెట్టిన చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గాజులాంటి పసుపు తొడుగు ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లిస్తుంది, ఆ సందుల్లోంచి తేమ లోపలి కాగితానికి చేరుతుంది, చాలాకాలం తర్వాత కరెంటు తగలగానే అది పేలి పొగ కక్కుతుంది. గోదావరి గాలిలో తేమకు కొదవా?

సాధారణంగా కంప్యూటర్ బోర్డు క్షేమంగానే ఉంటుంది. పొగ వస్తుండగా కూడా తెరమీద అక్షరాలు నిలిచే ఉంటాయి. మళ్లీ స్విచ్ వేసి చూడొద్దు. పెట్టెను మీరు విప్పొద్దు, లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్ పీకాక కూడా కరెంటు నిలవ ఉంటుంది. పవర్ సప్లైలు బాగుచేసే మెకానిక్‌కు ఇచ్చి, అదే విలువగల ఎక్స్2 రకం కెపాసిటర్లు వేయమనండి. భాగాల ఖర్చు చాలా తక్కువ. పొగ రాని బీబీసీ ఉన్నవాళ్లు కూడా ముందే మార్పించుకోవడం మంచిది.

ప్రశ్న: ప్రింటర్ వెనక ఇనుప భాగం తాకితే చెయ్యి జిల్లుమంటోంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. – కరీంనగర్

సమాధానం: మీ జాగ్రత్త సరైనదే, అయితే చాలా ఇళ్లలో దీనికి కారణం ప్రింటర్ కాదు, గోడలోని ప్లగ్. ఎర్త్ లేని సాకెట్‌లో పెట్టినప్పుడు లోపలి ఫిల్టర్ గుండా కొద్దిపాటి కరెంటు ఇనుప చట్రానికి వస్తుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోయేది. ఎలక్ట్రీషియన్‌తో మూడు పిన్నుల సాకెట్‌కు నిజంగా ఎర్త్ ఉందో లేదో చూపించండి, అప్పటిదాకా వాడొద్దు. ఎర్త్ బాగున్నా జిల్లుమంటే ప్రింటర్ లోపల లీకు ఉన్నట్టే, అది తప్పనిసరిగా బాగుచేయించాలి. ఇంకో మాట: ఇలా జిల్లుమనే స్థితిలో కరెంటు ఉండగా ప్రింటర్ కేబుల్ తగిలిస్తే కంప్యూటర్ పోర్టు చిప్ చచ్చిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఐ ఎన్ డి ఐ ఏ అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇండియా అని కొడితే ఐ ఓ ఈ ఐ ఏ అని వస్తోంది. పదాల మధ్య ఖాళీ ఉండాల్సిన చోటల్లా ఆశ్చర్యార్థకాలు పడుతున్నాయి. వైరస్ పట్టిందా? – ఇంజినీరింగ్ విద్యార్థిని, తిరుపతి

సమాధానం: వైరస్ కాదు, తెగిన తీగ. మీరు ఇంత చక్కగా నమూనా రాసి పంపారు కాబట్టి ఏ తీగో కూడా చెప్పగలను. ఆస్కీ లెక్కలో ఎన్ 78, వచ్చిన ఓ 79. డి 68, వచ్చిన ఈ 69. ఖాళీ 32, ఆశ్చర్యార్థకం 33. ఐ 73, ఏ 65 మాత్రం మారలేదు. అంటే సరి సంఖ్యలన్నీ ఒకటి పెరిగి బేసి అయ్యాయి, బేసివి అలాగే ఉన్నాయి. ఒక్కో అక్షరం ఎనిమిది తీగల మీద ఒకేసారి వెళ్తుంది. ఒకట్ల స్థానపు తీగ తెగితే ఆ చోట ప్రింటర్ ఎప్పుడూ 1 అనే చదువుతోంది. ప్రింటర్ వైపుండే 36 పిన్నుల కనెక్టర్‌లో 2వ పిన్ను ఆ తీగది. రెండు చివర్లా మల్టీమీటర్ పెట్టి చూడండి, కేబుల్‌లోనే తెగి ఉంటే కొత్త కేబుల్‌తో సరి. కేబుల్ బాగుంటేనే పోర్టు చిప్‌ను అనుమానించండి.

ప్రశ్న: ప్రోగ్రాం లిస్టింగ్‌లో హాష్ గుర్తు ఉండాల్సిన చోటల్లా పౌండు గుర్తు పడుతోంది. పనిలో పనిగా, రూపాయి గుర్తు వచ్చేలా చేయొచ్చా? – గుంటూరు

సమాధానం: ప్రింటర్ బాగానే ఉంది, తాను ఇంగ్లండులో ఉన్నాననుకుంటోంది. 35 నంబరుకు అమెరికా వరసలో హాష్, బ్రిటన్ వరసలో పౌండు ఉంటాయి. దేశాన్ని ఎంచే డిప్ స్విచ్‌లను అమెరికా వరసకు మార్చండి. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, మీ ప్రింటర్ అంతకు చాలా ముందు పుట్టింది. చుక్కలతో బొమ్మగా గీయించుకోవాల్సిందే.

ప్రశ్న: నా దగ్గర కమడోర్ 64, ఎంపీఎస్-801 ప్రింటర్ ఉన్నాయి. చిన్నబడి జీ, పీ, వై అక్షరాల తోకలు లైను కిందికి దిగడం లేదు, పైకి ఎగబడి కూర్చుంటున్నాయి. అప్పుడప్పుడూ డివైస్ నాట్ ప్రెజెంట్ అని కూడా వస్తుంది. – డాలస్

సమాధానం: తోకల విషయంలో మీరు చేయగలిగిందీ లేదు, చేయాల్సిందీ లేదు, ఆ ప్రింటర్ పుట్టుకే అంత. దానిలో సూదుల వరసే ఉండదు. ముందు ఒకే ఒక్క సుత్తి, వెనక గాట్లున్న రోలర్ గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఆ రెండూ కలిసి 7 చుక్కల ఎత్తే కొట్టగలవు, తోక కోసం చోటు మిగలదు. రెండో మాట వింటే ప్రింటర్ మాయమైందేమో అనిపిస్తుంది కానీ, పిలిచిన నంబరుకు ఎవరూ పలకలేదనే దాని అర్థం. వెనకనున్న స్విచ్ 4 మీద ఉంటే ఓపెన్ 4 కామా 4 అనీ, 5 మీద ఉంటే రెండో అంకె 5 అనీ ఇవ్వండి. డ్రైవ్, ప్రింటర్ గొలుసుగా తగిలించి ఉంటే అన్నిటినీ ఆన్ చేశాక చూడండి.

ప్రశ్న: మా అన్నయ్య న్యూజెర్సీ నుంచి ఒక పాత ప్రింటర్ తెస్తున్నాడు. ప్లగ్ మార్చి పెడితే చాలా? – ఏలూరు

సమాధానం: పెట్టే ముందే అడిగారు, సంతోషం. చాలదు. వెనక చీటీ మీద 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230కి తగిలించిన క్షణంలో ఫ్యూజో, ట్రాన్స్‌ఫార్మరో పోతుంది. ఆ చీటీ మీదే ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. అంతకన్నా ఎక్కువ మోయగల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి ట్రావెల్ కన్వర్టర్ దీనికి పనికిరాదు.

ప్రశ్న: మడతల కాగితం మీద మొదటి పేజీ బాగానే వస్తుంది. రెండో పేజీ శీర్షిక అంగుళం పైకి, మూడోది ఇంకో అంగుళం పైకి పోతోంది. పళ్లచక్రాలు అరిగాయా? – హనుమకొండ

సమాధానం: ఏమీ అరగలేదు. మన దగ్గర దొరికే మడతల కాగితం తరచూ 12 అంగుళాలది, అంటే 72 లైన్లు. మీ ప్రింటర్ పేజీ అంటే 11 అంగుళాలు, 66 లైన్లు అనుకుంటోంది. రోజుకో నిమిషం తప్పే గడియారంలా ఆ తేడా పేజీపేజీకీ పేరుకుంటోంది. డిప్ స్విచ్‌లలో పేజీ పొడవు 12కు మార్చి, ప్రింటర్ ఆపి వేయండి. కాగితం ముడతలు పడుతున్నా, రంధ్రాల దగ్గర చిరుగుతున్నా మాత్రం వేరే సంగతి: మడతల కాగితం పెట్టి రోలర్ పట్టు మీటను విడిచిపెట్టలేదన్నమాట.

ప్రశ్న: బీబీసీలో నేనే చుక్కలతో తెలుగు అక్షరాలు తయారుచేసి ప్రింట్ చేస్తున్నాను. అక్షరానికీ దాని కింది ఒత్తుకూ మధ్య తెల్లటి పట్టీ వస్తోంది. ఇన్ని రోజుల శ్రమ వృథాయేనా? – శ్రీకాకుళం

సమాధానం: వృథా కాదు, మీరు గట్టు దాకా వచ్చేశారు. బొమ్మలు గీసేటప్పుడు ఒక్కో వరసకు 8 సూదులే పనిచేస్తాయి, సూదికీ సూదికీ అంగుళంలో 72వ వంతు దూరం. కాబట్టి ఒక వరస ఎత్తు 72లో 8 వంతులు. ప్రింటర్ మాత్రం మామూలు అలవాటు ప్రకారం 72లో 12 వంతులు కిందికి జరుగుతోంది, మీ ఒత్తు విడిపోయేది ఆ మిగులు నాలుగు వంతుల దగ్గరే. బొమ్మ మొదలుపెట్టే ముందు 27, 65, 8 అనే మూడు సంకేతాలు పంపండి, అయిపోయాక 27, 50 పంపితే పాత దూరం తిరిగి వస్తుంది. ఇంగ్లిష్‌కు ఒక్క వరస చాలు. గుడి, తలకట్టు, ఒత్తు అన్నీ ఉన్న మన అక్షరానికి రెండు, ఒక్కోసారి మూడు వరసలు కావాలి. ‘స్త్రీ’ సరిగ్గా వచ్చిన రోజున ఒక కాగితం నాకూ పంపండి.

ప్రశ్న: పట్టికలో నిలువు గీతలు పాములా వంకరపోతున్నాయి. – సిద్దిపేట

సమాధానం: హెడ్ ఒక లైను కుడికి, మరో లైను ఎడమకు వెళ్తూ కొడుతుంది, ఆ రెండింటి మధ్య ఒక చుక్క తేడా మామూలే. పట్టిక కోసం 27, 85, 1 పంపితే ఒకే దిశలో కొడుతుంది, నిదానంగా అయినా గీత నిటారుగా వస్తుంది. తేడా రోజురోజుకూ పెరుగుతుంటే బెల్టు వదులైందని చూపించండి.

ప్రశ్న: మా ప్రింటర్ పేరు చెరిగిపోయింది, పుస్తకం లేదు. సంకేతాలు ఎలా తెలుస్తాయి? పైగా నిన్న లోపల్నుంచి బల్లి దూకింది. – కాకినాడ

సమాధానం: 1980లో వచ్చిన ఎప్సన్ ఎంఎక్స్-80 ప్రింటర్ భాషనే తర్వాత చాలా కంపెనీలు అరువు తెచ్చుకున్నాయి కాబట్టి, ముందు ఎప్సన్ పుస్తకంతో ప్రయత్నించండి, చాలావరకు పనిచేస్తుంది. బల్లి సంగతి: అది ప్రింటర్‌కు చేసే చెడుపు కన్నా స్విచ్ వేసినప్పుడు ప్రింటర్ దానికి చేసే చెడుపే ఎక్కువ. వాడనప్పుడు గుడ్డ కప్పి, వాడే ముందు మూత తీసి టార్చి వేసి చూడండి.

ప్రశ్న: మెకానిక్ ఇక లాభం లేదన్నాడు. మనవరాలికి బీబీసీలో నేను రాసిన ప్రోగ్రాం కాగితం మీద చూపిద్దామనుకున్నాను. దాని సరిజోడు ప్రింటర్ ఇప్పుడెక్కడ దొరుకుతుంది? – అనంతపురం

సమాధానం: సరిజోడు కోసం ఊళ్లు తిరగకండి. ఎప్సన్ ఎల్ఎక్స్-310 లాంటి 9 సూదుల ప్రింటర్లకు యూఎస్‌బీతోపాటు పాత పారలల్ సాకెట్ కూడా ఉంటుంది, అవి మీ బీబీసీ పంపే ఎప్సన్ సంకేతాలనే అర్థం చేసుకుంటాయి. వాడినదైనా పరవాలేదు, కొనేముందు వెనక 36 పిన్నుల సాకెట్ ఉందో లేదో మీ కళ్లతో చూడండి, అక్కడే సెల్ఫ్ టెస్ట్ కొట్టించండి. యూఎస్‌బీ ఒక్కటే ఉన్నది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. పాత ప్రింటర్‌ను ఇనుప సామాన్ల వాడికి వేసేటప్పుడు దాని కేబుల్ మాత్రం దాచుకోండి, కొత్తదానికీ అదే తగులుతుంది.